దేవదానం సారు చేత పెట్టించిన సంతకం

ఈ మాట ఇన్నేళ్లలో చాలాసార్లు గొంతు దాకా వచ్చి, మర్యాదగా వెనక్కి తిరిగి పోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పే ధైర్యం చేస్తున్నాను.

రాజధాని కర్నూలుకు వచ్చిన ఆ మూడేళ్లూ మా బాస్కెట్‌బాల్ క్లబ్బుకు నేనే కార్యదర్శిని. ఆటగాణ్ని కాదు. నాకు ఎత్తు తక్కువ, ఎత్తుగడలు ఎక్కువ. జట్టుకు ఆట నేర్పేది మిషన్ బడి డ్రిల్లు సారు దేవదానం గారు. చిన్నప్పుడు నాచేత డ్రిల్లు చేయించిందీ ఆయనే.

జట్టుకు ప్రాణం ముగ్గురు. పత్తికొండ దిక్కువాళ్లు, పత్తి మిల్లులో పని. వాళ్లలో పెద్దవాడు మద్దిలేటి. బడి నాటి నుంచీ సారు దగ్గరే ఆడి, ఒట్టికాళ్లతో, చూడకుండానే బంతి ఒకరికొకరు అందించుకునేవాళ్లు.

అప్పుడే ఊరంతా డేరాలు లేచాయి. డేరాల్లో ఆఫీసులు, ఆఫీసుల్లో కోస్తా నుంచి వచ్చిన పొడుగాటి గుమాస్తాలు, వాళ్లకు తెల్లటి కాన్వాసు బూట్లు. రాజధాని క్లబ్బు రాజధానిలాగా కనబడాలని నాకు పట్టుకుంది. క్లబ్బు కోసమేనా? కాదేమో. ఆఫీసర్ల వరసలో ఒక కుర్చీ కోసం. కడప జట్టుతో పోటీకి ముందు మద్దిలేటినీ, మిగతా ఇద్దరినీ తీసేసి, ముగ్గురు గుమాస్తాలను వేశాను. విడదీయొద్దని సారు రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పారు. కమిటీ తీర్మానం అన్నాను. కమిటీ చేత తలలూపించింది నేనే.

చిత్తుగా ఓడిపోయాం. ఆ రోజు బంతి బుట్టలో పడలేదు. నేను మాత్రం పెద్దల బుట్టలో ఎప్పుడో పడ్డాను.

జట్టును మార్చింది ఎవరని క్లబ్బు అధ్యక్షుడు సమీక్ష రాయమన్నారు. రాశాను. 'శిక్షకుని సిఫారసు మేరకే ముగ్గురినీ తప్పించడమైనది.' ఒక్క వాక్యం. ఆ వాక్యం మీదే సారును తీసేయాలని తీర్మానం. సమీక్ష కింద ఆయన సంతకం కావాలి.

బడి వసారాలో ఆయన దబ్బనంతో తోలుబంతి కుట్టు వేస్తున్నారు. కాగితం రెండుసార్లు చదివారు.

"ఇది నేను చెప్పిన మాటేనా అప్పా?"

"కమిటీలో అట్ల అనుకున్నారు సార్."

"కమిటీ యాడుండాది? ఈడ నువ్వొక్కనివే ఉండావు."

కలం మూత తీసి ఆయన ముందు పెట్టాను.

"ఆ ముగ్గురూ దీన్ని సూస్తారా?"

"లేదు సార్. ఫైల్లోనే ఉంటాది."

సంతకం పెట్టారు. కాగితం నా చేతికిస్తూ, "శానా బాగా రాసినావు. బడిలో ఇట్ల రాయకపోతివి" అన్నారు. నవ్వలేదు.

ఎందుకు పెట్టారు? తన మూలంగా నేను నలుగురిలో తలవంచుకోకూడదనా? దీన్ని ఎన్ని విధాలుగా తిప్పి చూసినా, ప్రతిసారీ ఆ దబ్బనం నాకే గుచ్చుకుంటుంది.

తరువాతి వారం సర్వసభ్య సమావేశంలో ఆ సమీక్ష చదవమన్నారు. గుమ్మం దగ్గర మద్దిలేటి వాళ్లు నిలబడి ఉన్నారు. చూశాను. చూసి కూడా చదివాను. గొంతు వణకలేదు, వణికి ఉంటే ఈ రోజు నాకు కొంచెం మర్యాద మిగిలేది. ముగ్గురూ బయటికి నడిచారు. మళ్లీ ఆడలేదు. సారు ఇంటి గడపా తొక్కలేదు.

రాజధాని హైదరాబాదుకు పోయింది, బూట్లు దానితో పోయాయి. సారు ఆత్మకూరు దగ్గర తన చేనికి పోయి, అక్కడే కన్నుమూశారు. చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని ఆ ముగ్గురి కోసం చూశాను. రాలేదు.

ఆ తరువాత ఒకసారి సంతలో మద్దిలేటి ఎదురైతే సారు పోయిన సంగతి చెప్పాను. మమ్మల్ని వద్దన్న మనిషి గదా సార్ అన్నాడు, మెల్లగా. అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. తెరిచి, మీ దిక్కు వానలు ఎట్లున్నాయని అడిగాను. వాన మొహం ఎరగని పత్తికొండవాణ్ని అడగాల్సిన ప్రశ్నేనా అది?

ఇప్పటికీ మధ్యాహ్నాలు కన్ను మూత పడితే గట్టి నేల మీద బంతి చప్పుడు. మూడుసార్లు. నాలుగోది రాదు.

ఆ ముగ్గురినీ తప్పించింది నేను. ఆయన వద్దన్నారు. సమీక్షలో రాయాల్సింది ఇంతే. రాశాక చెయ్యి కొంచెం తేలికైంది. అబద్ధం కింద ఆయన చేత సంతకం పెట్టించినవాణ్ని, ఈ నిజం కింద నా పేరు పెట్టడానికి మాత్రం నాకింకా చెయ్యి రావడం లేదు.