నాలుగో చోటి చేపలు

ప్రిస్కిల్లా ఎం.ఎస్సీ. సీటు కోసం ఇంటర్వ్యూకి వచ్చిన రోజే నాకు ఆమె మాట మీద నమ్మకం కుదరలేదు. రాజమండ్రిలో మా కాలేజీ వాళ్ళు జీవవైవిధ్యం, పర్యావరణ సంరక్షణ కోర్సు పెట్టి అప్పటికి మూడేళ్ళయింది. ఇంకెక్కడా సీటు రానివాళ్ళే ఎక్కువగా వచ్చేవారు. ఎందుకు చేరాలనుకుంటున్నావని అడిగితే భూమిని కాపాడాలని అందరూ ఒకే మాట చెప్పేవారు. ఈ అమ్మాయి మాత్రం, "మా డ్రెయిన్‌లో బొమ్మిడాయి చేపలు ఎందుకు పోయాయో తెలుసుకోవాలండి" అంది. ఎవరో నేర్పి పంపారనుకున్నాను.

పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నీళ్ళలో కాలు పెట్టకుండా ఇంట్లో కూర్చుని వివరాలు రాసుకొచ్చిన వాళ్ళను ఎంతమందినో పట్టుకున్నాను. చంద్రరావు సార్‌కి అనుమానం జబ్బని పిల్లలు వెనక అనుకోవడం నాకు తెలుసు.

ఆమెది నరసాపురానికి దిగువన ఒక చిన్న ఊరు. తండ్రి లేడు. తల్లి ఏసమ్మ లేసు అల్లుతుంది. ఏసమ్మ తమ్ముడు జయపాల్ అదే ఊళ్ళో గణేష్‌బాబు గారి రొయ్యల చెరువుల మీద కాపలా. పొలాల నీళ్ళు, చెరువుల నీళ్ళు అన్నీ ఊరి పక్కనున్న పెద్ద డ్రెయిన్‌లో పడి సముద్రానికి పోతాయి. రెండో ఏడు ప్రాజెక్టుకి ప్రిస్కిల్లా ఆ డ్రెయిన్‌నే తీసుకుంది. మొత్తం ఐదు చోట్ల మావులు వేసి, వారానికి రెండు రోజులు పొద్దున్నే తీసి, పడ్డ చేపల రకాలూ కొలతలూ రాసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి. మావు అంటే వెదురుపుల్లలతో అల్లిన బుట్ట. చేప మూతిలోంచి దూరుతుంది, లోపలికి వంచిన పుల్లలు అడ్డుపడి తిరిగి రాలేదు. వెనక వైపు తాడు విప్పి చేపల్ని బయటికి తీస్తారు. ఆ ఐదు మావులూ అల్లి ఇచ్చింది జయపాలే.

జూలైలో పని మొదలుపెట్టింది. పుట్టి పెరిగిన ఊరే అయినా పుస్తకం పట్టుకుని గట్టు మీద నిలబడేసరికి ఆమె పరాయిదైపోయింది. ఎవరు పంపారని ఒకరు అడిగారు. చెరువులకు లైసెన్సులున్నాయో లేదో రాస్తోందని ఇంకొకరు చెప్పారు. చర్చి దగ్గర ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్న చోటికి ఆమె వెళితే మాటలు ఆగిపోయేవి. ఒకరోజు మోటారుసైకిల్ మీద వచ్చిన ఎవరో ఆమెను ఫొటో తీసి, అడిగేలోపే వెళ్ళిపోయారు.

ఆగస్టు చివర్లో గణేష్‌బాబు స్వయంగా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు. అమ్మాయి బాగా చదువుకుంటోందని మెచ్చుకున్నాడు. చదువు పూర్తయ్యాక తనకు తెలిసినవాళ్ళతో చెప్పి ఉద్యోగం చూస్తానన్నాడు. వెళుతూ వెళుతూ, ఆ రాసేదంతా ఎవరికి ఇస్తారని మామూలుగా అడిగాడు. బెదిరించే మాట ఒక్కటీ లేదు. ఆయన వెళ్ళాక ఏసమ్మ కూతురి పుస్తకాలన్నీ తీసి లేసు దారపు ఉండల పెట్టెలో అడుగున దాచింది.

ఈ సంగతులేవీ అప్పుడు నాకు తెలియవు. నాకు కనిపించింది కాగితాలే. నవంబరులో ఆమె నాలుగు నెలల వివరాలు తెచ్చి నా ముందు పెట్టింది. నాలుగో చోటు సరిగ్గా చెరువుల తూముకి దిగువన ఉంది. జూలైలో అక్కడ మూడు రకాల చేపలు. సెప్టెంబరు మొదలుకొని పదకొండు. గొరకలు, జెల్లలు, చేదుపరిగెలు, కొర్రమీనులు. ఎగువన మంచి నీళ్ళున్న చోటికంటే ఇక్కడే ఎక్కువ. చెరువుల మురుగు పడే చోట ఇది జరిగే పని కాదు.

ఫొటోలు అడిగాను. ప్రతి చేపనూ స్కేలు పక్కన పెట్టి తీసినవి ఉన్నాయి. ఒక కొర్రమీను ముంజేయంత లావుంది. మావు మూతి ఎంతుంటుందని అడిగాను. మూడు వేళ్ళు పడతాయంది.

"మరి ఈ చేప అందులోంచి ఎలా దూరిందమ్మా?"

ఆమె ఫొటో వంకే చాలాసేపు చూసింది. "మావులో ఉన్నదే రాశానండి" అంది చివరికి.

ఆ తడబాటు నాకు ఒప్పుకోలులా కనిపించింది. బజారులో కొన్న చేపలకు ఫొటోలు తీసుకొచ్చిందని తేల్చేసుకున్నాను. సంతకం పెట్టనని చెప్పి కాగితాలు వెనక్కిచ్చేశాను.

ఆమె బస్సులో నరసాపురం వెళ్ళే దారి పొడుగునా ఆలోచించిందట. తను ఆడని అబద్ధం తన పుస్తకంలోకి వచ్చింది. అంటే ఎవరో మావుల్లో చెయ్యి పెడుతున్నారు. మొదట గణేష్‌బాబు మనుషుల్నే అనుమానించింది. తర్వాత మోటారుసైకిల్ మీద వచ్చి తన ఫొటో తీసినవాణ్ణి. తల్లికి చెప్పలేదు, జయపాల్‌కీ చెప్పలేదు. మర్నాడు సాయంత్రం నాలుగో మావు వేసి, వెనక తాడు మీద లేసు దారం చుట్టి జారుముడి వేసింది. పొద్దున చూస్తే దారం అలాగే ఉంది, ముడి మాత్రం వేరు. జారుముడి బదులు గట్టిగా బిగించిన రెండు పీటముళ్ళు.

మూడు రోజుల తర్వాత తూర్పున తెల్లబడుతుండగానే వెళ్ళి గట్టు మీది తుమ్మచెట్ల వెనక కూర్చుంది. కాసేపటికి మోకాళ్ళ దాకా లుంగీ ఎగ్గట్టిన మనిషి ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. మావు తాడు విప్పి, బకెట్లోంచి చేపల్ని ఒక్కొక్కటిగా లోపలికి జారవిడిచాడు. అతను వెనక్కి తిరిగేసరికి ఆమె గట్టు మీద నిలబడి ఉంది.

జయపాల్ బకెట్ దాచబోయాడు. తర్వాత ఆ ప్రయత్నం మానేసి గట్టెక్కి కూర్చున్నాడు.

"నీ లెక్క బాగుంటే చెరువుల జోలికి ఎవరూ రారనుకున్నానమ్మా" అన్నాడు. "నీకూ మంచి మార్కులొస్తాయి గదా అని."

"ఎవరు చెయ్యమన్నారు మావయ్యా?"

"ఎవరూ చెప్పలేదు."

"గణేష్‌బాబు గారు చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదన్నాను గదా."

కొన్ని చేపలు ఎగువన తనే పట్టేవాడట, కొన్ని నరసాపురం బజారులో బతికున్నవి చూసి తెచ్చేవాడట. చెరువులు మూతపడితే తన పని పోతుందన్న భయం ఒక్కటే తన చేత ఇది చేయించిందన్నాడు. ప్రిస్కిల్లా పూర్తిగా నమ్మలేదు. గణేష్‌బాబు ఇంటికి వచ్చి వెళ్ళిన వారానికే ఆ చేపలు మొదలయ్యాయి. కానీ చిన్నప్పటి నుంచీ తనను సైకిల్ మీద బడికి దింపిన మనిషిని ఇంకొక్క ప్రశ్న కూడా అడగలేకపోయింది.

సోమవారం నా దగ్గరికి వచ్చి జరిగిందంతా చెప్పింది. నేను అప్పుడు కూడా నమ్మలేదు. దొరికిపోయాక మేనమామ మీదికి నెట్టేస్తోందేమో అనిపించింది. స్వయంగా వచ్చి చూస్తానన్నాను. ఆమె నొచ్చుకోలేదు, ఎప్పుడొస్తారని అడిగి పుస్తకంలో రాసుకుంది.

ఆ శుక్రవారం సాయంత్రం ఐదు మావులూ నా కళ్ళ ముందే వేయించాను. రాత్రికి నరసాపురంలో గది తీసుకుని, తెల్లారేసరికి మళ్ళీ గట్టు మీద ఉన్నాను. జయపాల్ నాకంటే ముందే వచ్చి దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి, "అమ్మాయిది తప్పేం లేదండి. నా పేరు కాగితం మీద రాస్తారాండి?" అని అడిగాడు. రాయనన్నాను.

పై మూడు మావుల్లో చేపలు తళతళలాడుతున్నాయి. నాలుగోది ఎత్తితే రెండు నత్తలు, పొట్ట తెల్లగా తేలిన జెల్ల ఒకటి. నీళ్ళలోంచి, రొయ్యల చెరువుల్లో చల్లే బ్లీచింగ్ పొడి వాసన ముక్కుకి తగిలింది. ప్రిస్కిల్లా ఆ జెల్లను స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, కొలత రాసుకుంది. నేను క్షమాపణ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

సెప్టెంబరు నుంచి రాసినదంతా పనికిరాదు. నాలుగో చోటు ఒక్కటీ కొట్టేసి మిగతా నాలుగింటితో ముగించమని నేనే సలహా ఇచ్చాను. ఆమె వినలేదు. ఒక మావులో చెయ్యి పెట్టినవాళ్ళు మిగతావాటిలో పెట్టలేదని ఎలా నమ్మాలి అని అడిగింది. జయపాల్ ఒట్టు వేసి చెప్పినా ఆ మాటను లెక్కలోకి తీసుకోనంది. వెంటనే మొదలుపెట్టినా, ఏప్రిల్‌లో కాలువలకు నీళ్ళు కట్టేస్తే డ్రెయిన్ అడుగంటి లెక్క సగంలో ఆగిపోతుంది. మళ్ళీ జూన్ దాకా ఆగాలి. తోటివాళ్ళు పట్టాలు తీసుకుని వెళ్ళిపోయారు. ఆమె ఇంట్లో తల్లితో పాటు లేసు అల్లుతూ వానల కోసం చూసింది.

రెండోసారి మావులు తనే అల్లుకుంది. జయపాల్ అల్లి ఇస్తానన్నా ఒప్పుకోలేదు. ఆ విషయంలో ఏసమ్మకీ తమ్ముడికీ మధ్య కొన్నాళ్ళు మాటల్లేవు. జూలైలో గణేష్‌బాబు అతన్ని పనిలోంచి తీసేశాడు, కారణం చెప్పలేదు. ఊరు మాత్రం ప్రిస్కిల్లా వల్లే అంది.

డిసెంబరుకి వివరాలు వచ్చాయి. తూముకి ఎగువన పద్నాలుగు రకాలు, దిగువన మూడు. ఈసారి ప్రతి కాగితాన్నీ నేను వెతికి వెతికి చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు. సంతకం పెట్టాను. పీహెచ్‌డీకి నా దగ్గరే చేరుతుందనుకున్నాను. ఆమె వేరే గైడ్‌ని ఎంచుకుంది. ఎందుకని నేను అడగలేదు. ఇప్పుడు కొవ్వూరు నుంచి సముద్రం దాకా డ్రెయిన్లన్నీ తిరుగుతోంది. జయపాల్ ఒక పడవ రేవులో పనికి కుదిరాడు.

ఏసమ్మ నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. అమ్మాయికి ఏమీ కాదు కదండీ అని అడుగుతుంది. ఏమీ కాదమ్మా అంటాను.

ఈ వానాకాలం మొదట్లో చెరువుల తూము ముందు పెద్ద గుంట ఒకటి తవ్వారు. మురుగు అందులో తేరుకున్నాకే డ్రెయిన్‌లోకి వదులుతామని గణేష్‌బాబు ఊళ్ళో చెప్పించాడు. గుంటలో నీళ్ళు నిజంగా నిలుస్తున్నాయో, అడుగున గొట్టం వేసి అలాగే వదిలేస్తున్నారో తెలియదు. ప్రిస్కిల్లా వారానికోసారి వెళ్ళి, రోజు మార్చి, వేళ మార్చి, ఎవరికీ చెప్పకుండా చూసి వస్తోంది.