క్లోరిన్ అయ్యవారు

మా ఎదురింటి సైన్సు అయ్యవారు పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశారు. కబురు తెచ్చిన పాలావిడ గడపలోనే కూలబడి, "ఇంక బావిలో మందు ఎవురేస్తారమ్మా?" అంది. నిజం చెప్పొద్దూ, నాకు ముందు కోపమే వచ్చింది. ఇంత పని మా నెత్తిన పెట్టి పోతారా ఎవరైనా?

తిరుపతిలో మా సందుకంతటికీ ఒకటే బావి. ఒక ఎండాకాలం మా చిన్నపాపకు వాంతులు, విరేచనాలు పట్టుకుని, దక్కుతుందో లేదో అన్నంత పనైంది. పాప కోలుకుని ఇంటికొచ్చిన రోజే ఆయన బ్లీచింగ్ పౌడరు డబ్బా తెచ్చారు. ఆ తర్వాత ఏ ఆదివారమూ తప్పలేదు. బకెట్లో పొడి కలిపి, అందులోని సున్నం అడుక్కి దిగాక, పైన తేరిన నీళ్లు బావిలో పోసేవారు. అంతవరకూ బాగానే ఉంది. మధ్యలో ఆ పాఠం ఎవరడిగారు? కడవ చంకన పెట్టుకుని నిలబడితే చాలు, క్లోరిన్‌కు బయటి కక్ష్యలో ఏడు ఎలక్ట్రాన్లుంటాయనీ, ఎనిమిదోదాని కోసం దేని మీదైనా పడుతుందనీ, క్రిములు బతకనిది అందుకేననీ మొదలుపెట్టేవారు. పరమాణు భారం ముప్పై అయిదున్నర అన్నప్పుడు, ఆ అర యాడిదని నోరుజారి అడిగాను. ముప్పై అయిదు బరువున్న పరమాణువులు మూడుంటే ముప్పై ఏడువి ఒకటి ఉంటుందనీ, ఇది సగటనీ, గట్టు మీద బొగ్గుతో లెక్క వేసి చూపించారు. ఆ పూట మా ఇంట్లో పప్పు మాడింది.

మా అత్తగారు ఆ వాసన నీళ్లు పెరుమాళ్లకు పనికిరావని పోట్లాటకు దిగారు. వెడల్పాటి గంగాళంలో పోసి, పల్చటి గుడ్డ కప్పి రాత్రంతా ఉంచమన్నారాయన. మర్నాడు పొద్దున్నే వచ్చి, వాసన చూసి చెప్పమని గుమ్మంలో నిలబడ్డారు. వాసన లేదు. ఆవిడ ఒప్పుకోలేదు గానీ, పూజ మాత్రం ఆ నీళ్లతోనే చేశారు.

అన్నిటికన్నా విసుగు పిల్లల విషయంలో. డబ్బా మూత తీసేముందు సందులోని పిల్లలందరినీ అరుగెక్కించేవారు.

"గాలికంటే రెండున్నర రెట్లు బరువప్పా అది. కిందికే దిగతాది. మీరు పొట్టోళ్లు, పైకెక్కండి."

ఆ డబ్బాలోంచి వచ్చేదెంత, ఈ హడావిడి ఎంత! ఆ వాయువు రంగు పసుపు కలిసిన ఆకుపచ్చ అని కూడా చెప్పేవారు, అక్కడ ఏ రంగూ కనబడకపోయినా. ఆయన మూత బిగించి, గాలి వాసన చూసి, "ఇంక దిగండి" అనేదాకా ఎవరూ కదలకూడదు. తలంటు సగంలో ఉన్న పిల్లలు సైతం కుంకుడురసం కారుతూ నిలబడేవాళ్లు.

ఈ ఆదివారం డబ్బా నేనే తెచ్చాను. ఎవరో ఒకరు వేయాలి కదా. పాపకు మళ్లీ అంత కష్టమొస్తే నేను తట్టుకోలేను. మూత మీద చెయ్యి పెట్టానో లేదో, ఎవరూ చెప్పకుండానే పిల్లలు అరుగెక్కారు, అందరికన్నా ముందు మా పాప. పొడి కలిపి మూత బిగించాను. తేరిన నీళ్లు బావిలో పోశాను. పాఠం లేదు కాబట్టి పని తొందరగా అయిపోయింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. కడవెత్తుకుని గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే, పిల్లలు ఇంకా అరుగు మీదే నిలబడి, ఎదురింటి తలుపు వైపు చూస్తున్నారు.