నిలబడని పక్షికి నేను కట్టిన రోగం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూలై నెలలో నన్ను బెంగళూరులోని వన్యప్రాణి చికిత్సా కేంద్రానికి ముఖ్య వైద్యురాలిగా వేశారు. అంతకు ముందంతా ఆవులు, గేదెలు, కోళ్ల ఫారాలు. గద్దలకూ గుడ్లగూబలకూ కట్లు కట్టడం అక్కడే నేర్చుకున్నాను. పనితోపాటు గర్వమూ వచ్చింది.

పడమటి తీరంలో గాలివాన వెలిసిన మర్నాడు, సర్జాపుర దగ్గర చామంతి తోట ఉన్న చౌడప్ప పూలబుట్టలో ఒక పక్షిని తెచ్చాడు. కాకి కన్నా కాస్త పెద్దది. ముదురు గోధుమ రంగు, పొడుగాటి సన్నని రెక్కలు, కొన వంగిన ముక్కు, దాని మీద రెండు చిన్న గొట్టాలు. నేల మీద దించితే రొమ్ముతో పాకుతోంది తప్ప లేవడం లేదు.

ఎక్స్‌రేలో ఎముకలు బాగున్నాయి. అయినా నా కలం ఆగితేనా? కేసు షీటులో ‘నరాల దెబ్బ, నిలబడలేదు’ అని రాశాను. ముక్కు గొట్టాల నుంచి నీరు కారుతుంటే ‘జలుబు’ అని చేర్చి మందు కూడా మొదలుపెట్టాను.

మా కేంద్రంలో ఒక నియమం ఉండేది. వారం రోజులకూ నిలబడని పక్షిని బాధ పెట్టకుండా సూది మందుతో పోనివ్వాలి. ఆ కాగితం మీద సంతకం నాదే. చౌడప్ప రోజూ మార్కెట్లో పూలు దించి, తిరుగుదారిలో వచ్చి, నిలబడిందా అని అడిగి పోయేవాడు. ఆరో రోజు అతనికి సంగతి చెప్పాను. అతను వంగి పక్షి కింద పరిచిన తువ్వాలును వేళ్లతో తడిమాడు.

“దీని జలుబు ఉప్పగా ఉండాదమ్మా,” అన్నాడు.

ముక్కు నుంచి కారిన చుక్కను నాలుక మీద వేసుకున్నాడట. రోగాలు అంటుకుంటాయని బాగా చీవాట్లు పెట్టాను. పెడుతూనే తువ్వాలు వైపు చూశాను. తెల్లటి ఉప్పు పొడి కట్టి ఉంది.

మంగళూరులో పశువైద్యుడిగా ఉన్న నా సహాధ్యాయికి ఫోటో పంపాను. ఫోన్లో తెగ నవ్వాడు. అది షియర్‌వాటర్ అట, నడిసముద్రపు పక్షి; గాలివాన ఇంత దూరం విసిరేసి ఉంటుందన్నాడు. ఉప్పునీళ్లు తాగి, ఎక్కువైన ఉప్పును ముక్కు గొట్టాల ద్వారా వదిలేస్తుంది. గూడు కట్టుకోవడానికి తప్ప నేల మీదికి రాదు. ఈత కోసం కాళ్లు తోక దగ్గర ఉంటాయి గనుక సరిగా నిలబడలేదు.

“నిలబెట్టకు తల్లీ, తేలనివ్వు,” అన్నాడు.

తొట్టి నింపి వదిలాం. కాళ్లతో నీళ్లు తోసుకుంటూ రెండు చుట్లు తిరిగి, తల ముంచి, నా తెల్లకోటంతా తడిపేసింది. “మీ మీద కోపముండాదమ్మా దానికి,” అన్నాడు చౌడప్ప. పదోన్నతి వచ్చిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

జలుబు మందు ఆపేశాం. ఈకల్లోకి నీరు దిగడం లేదని నాలుగు రోజులు పరీక్షించి, అటవీ శాఖ అనుమతితో జీపులో మంగళూరు తీసుకెళ్లాం. చౌడప్ప పెళ్లిళ్లకు తొడిగే చొక్కా వేసుకొని పిలవకుండానే ఎక్కాడు. చేపల పడవలో లోపలికి వెళ్లి నీటి మీద దించాం. అది గాలికి ఎదురు తిరిగి, పనిచేయవని నేను రాసిన ఆ కాళ్లతోనే అలల మీద పరుగు తీసి లేచిపోయింది.

తిరిగొచ్చాక కేసు షీటులో ఒక గడి అదనంగా గీయించాను. ‘నిలబడలేదు’, ‘ఎగరలేదు’ అని రాసే ప్రతి వైద్యుడూ పక్కనే ‘ఎక్కడ’ అన్నది కూడా నింపాలి. ఆ గడిని మొదట నింపింది నేనే, ఆ పక్షి పాత షీటులో: ‘సిమెంటు నేల మీద’.