పెనుకొండ రాయికి పోసిన కడుగు

1959 ఏప్రిల్‌లో నన్ను అనంతపురం జిల్లా టూరుకు వేశారు. అప్పటికి నేను శాసనాల శాఖలో నకళ్ల సహాయకుణ్ణి. అంటే పండితులకు రెండు మెట్లు కింద, పెట్టె మోసే జవానుకు ఒక మెట్టు పైన. రాళ్లమీది శాసనాలకు కాగితంపై నకళ్లు తీసి పంపడం నా పని. వాటిని చదివి పేరు తెచ్చుకోవడం పైవాళ్ల పని.

టూరులో మూడు పాత పట్నాలు. గుత్తిలో ఎవరిని కోట దారి అడిగినా ముందు నా ఊరూ పేరూ, వచ్చిన పనీ కనుక్కున్నారు. కోట కాపలా కొలువులు ఎప్పుడో పోయినా ఆ అలవాటు పోలేదు. తాడిపత్రిలో చెంబు కొనేవాడు కూడా అంచు చుట్టూ వేలు తిప్పి చూసేవాడు. గుళ్లనిండా అంత చెక్కడం మధ్య పుట్టినవాళ్లకు నాసిరకం పని కంటికి ఆనదు. ఒకప్పుడు రాజధానిగా వెలిగిన పెనుకొండవాళ్లు మాత్రం రాజుగారు పక్క ఊరికి వెళ్లారు, సాయంత్రానికి వచ్చేస్తారు అన్నంత ధీమాగా మాట్లాడేవారు. ఆ ధీమా నాకు బాగా నచ్చింది.

అక్కడే కోటగోడ పక్క వీధిలో, రోడ్డు కంకరకోసం పోగేసిన రాళ్లలో ఒక పలక కనిపించింది. మా పాత జాబితాలో దానికి ఎదురుగా ‘అరిగిపోయింది, నకలు అనవసరం’ అని రాసి ఉంది. వేలితో తడిమితే నాకు గీతలు తగిలాయి. రాళ్లు కొట్టించే మేస్త్రీ ఖాదర్‌సాబ్‌తో ఆ మాటే చెప్పాను. ఆయన ముక్కుసూటి మనిషి.

“అచ్చరాలు కండ్లకు చూపించు సామీ, నేను ముట్టను. చూపించలేకపోతే సోమారం పొద్దున సుత్తి పడతాది. నన్నూ అడిగేవాళ్లుండారు,” అన్నాడు.

అది శనివారం.

నకలు తీయాలంటే ముందు రాయిని కుంచెతో రుద్ది కడగాలి. తడిపిన పలుచని కాగితం పరిచి, గట్టి బ్రష్షుతో కొడుతూ గీతల్లోకి దిగేట్టు చేయాలి. సగం ఆరాక సిరా మెత్తతో అద్దితే రాయి నల్లగా, అక్షరాలు తెల్లగా తేలతాయి. అన్నిటికీ నీళ్లు కావాలి.

నేను కృష్ణా కాలవగట్టున పుట్టినవాణ్ణి. ఎదురింటి ఓబులమ్మను ఒక బిందె నీళ్లు అడిగి, మొత్తం ఆ పలకమీద ఒక్కసారిగా కుమ్మరించాను. ఎండిపోతున్న బావి దగ్గర చేద కోసం వరుసలో నిలబడ్డ ఆడవాళ్లంతా అది చూశారు. పరిచిన కాగితం వడగాలికి క్షణాల్లో ఆరి, లేచి ఎగిరిపోయింది. సిగ్గులేకుండా రెండో బిందెకు వెళ్లాను.

“ఏమప్పా, రాయికి తలంటు పోస్తాండావా? మా పిల్లోళ్లకే ఆ బాగ్యం లేదు,” అంది ఓబులమ్మ.

వీధంతా నవ్వింది. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ చుక్క పుట్టలేదు. తప్పు నాదే. తలెత్తుకోలేకపోయాను.

ఆదివారం ఆ పలక పక్కనే దిగులుగా కూర్చున్నాను. ఓబులమ్మ బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి గేదె తొట్టిలో పోస్తోంది. దాన్నే కడుగు అంటారు. ఆ తెల్లటి నీళ్లు తొట్టి అంచున ఆరి జిగురుగా అంటుకుని ఉండటం చూశాను. లేచి, మంచినీళ్లు వద్దు, అది కొంచెం ఇస్తారా అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“ఎనుముకు సగం, నీ రాయికి సగం. తాగుతాదో లేదో చూద్దాం,” అంది.

తువ్వాలుతో తౌడూ నలుసూ వడకట్టాను. ఈసారి చెంబులోంచి చేత్తో చిలకరిస్తూ తడిపాను. కాగితం పరిచాను. గాలి కొట్టింది, కాగితం కదల్లేదు. కడుగులోని జిగురు దాన్ని పట్టి ఉంచింది. సిరా అద్దుతుంటే ఒక్కో అక్షరం తెల్లగా పైకి వచ్చింది. అంత శుభ్రమైన నకలు నేను అంతకుముందు తీయలేదు.

సోమవారం పొద్దున ఖాదర్‌సాబ్ వచ్చి నకలును వంగి చూశాడు. “ఇది ఉలి పనే. ఇంగ మాట లేదు,” అని నలుగురిని పిలిచి పలకను కుప్పలోంచి తీయించి గోడకు నిలబెట్టించాడు.

చుట్టూ చేరినవాళ్లు ఏముందో చదవమన్నారు. పండితుణ్ణి కాకపోయినా కూడబలుక్కుని చదివాను. ఆ వీధిన పోయే బాటసారులకు చైత్రం మొదలు వానలు పడేదాకా దాహానికి నీళ్లు పోయాలని ఎవరో దాత ఏర్పాటు చేసి చెక్కించిన శాసనం అది.

ఓబులమ్మ లోపలికి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చింది. “ఇది రాయికి కాదు, నీకు. తాగు నాయనా,” అంది. నాకు కళ్లు చెమర్చాయి. తాగేశాను.

నెల తర్వాత మా సూపరింటెండెంటు జాబితాలో ‘అరిగిపోయింది’ కొట్టేసి, పక్కన నకలు తీసినవాడిగా నా పేరు రాశారు. ఆ జాబితాలో నా పేరు పడటం అదే మొదలు.

తర్వాత ఇరవై ఆరేళ్లు ఆ పనే చేశాను. ఏ ఊరు వెళ్లినా నీళ్లు అడిగేముందు, ఆ ఊరు వాడిన నీళ్లు ఎక్కడ పోస్తుందో చూసేవాణ్ణి.