వైకుంఠపాళిలో జీర్ణకోశం

ఉద్యోగం వచ్చాక ఊడగొట్టుకున్నవాళ్ళని మీరు చూసే ఉంటారు. రాకముందే ఊడగొట్టుకోబోయిన ఘనుణ్ణి నేను. ఆ ఘోరం వినండి.

అరవైల చివర్లో విజయనగరంలో మా మేనత్త ఇంట్లో ఉండి మేస్టరు ట్రైనింగు చదివేవాణ్ణి. ఆఖరి పరీక్ష అంటే, పిల్లలకి పటం చూపించి పాఠం చెప్పాలి. వెనక బెంచీలో పరీక్షాధికారి కూర్చుంటారు. ఆయన తల ఊపితే మేస్టరుద్యోగం, ఊపకపోతే మా ఊళ్ళో గేదెలు. నా పాఠం జీర్ణవ్యవస్థ. పేగుల్ని మెలిక మెలికా దిద్ది, రంగులేసి, పటం చుట్టి మూల నిలబెట్టాను. పొద్దున్నే చంకన పెట్టుకుని అద్దె సైకిలెక్కాను.

క్లాసులో మేకుకి తగిలించి విప్పితే ఏముంది? వైకుంఠపాళి! అదే మూలలో ఉండే మా అత్త పటం! కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. నాకు పేగులే పాములయ్యాయి.

మీరైతే పొరపాటు ఒప్పుకునేవారు. నాది ఇరవయ్యేళ్ళ పౌరుషం. పైగా పరీక్షాధికారి గారికి దూరపు చూపు ఆనదని ఎవరో చెప్పగా నమ్మాను. పాఠం మొదలెట్టేశాను.

"పిల్లలూ, ఈ పైనున్నది నోరు."

"అది వైకుంఠం కదండీ మేస్టారూ!" ముందు బెంచీ పిల్ల లేచింది. "మా యింట్లోనూ ఉన్నాది."

"కూర్చో. ఈ పొడుగు పాము... అంటే పేగు. అన్నం ఇలా జారుతుంది."

"మరి నిచ్చెన్లేటండీ?"

"అవి... వాంతి."

క్లాసంతా గొల్లుమంది. పరీక్షాధికారి గారు నెమ్మదిగా పటం దాకా వచ్చి, కళ్ళజోడు సవరించుకున్నారు.

"పాపం చేస్తే పేగు, పుణ్యం చేస్తే వాంతి. అంతేనా నాయనా?"

"చిత్తమండి."

ఆయన నవ్వాపుకోవడానికి మీసం కొరుక్కున్నారు. "వేదాంతం బాగుంది. బొమ్మలూ బాగున్నాయి. సైన్సే లేదు. మధ్యాహ్నం రెండింటికి పేగులతో రండి. లేకపోతే ఇక రావద్దు."

పడుతూ లేస్తూ ఇంటికి తొక్కాను. వీధరుగు మీద అత్తా, ఆవిడ స్నేహితురాళ్ళూ నా పటం పరిచి, చింతపిక్కలు పెట్టి, గవ్వలేస్తున్నారు.

"అత్తా, అది నా ఉద్యోగమే! ఇలా ఇచ్చెయ్!"

"ఉండరా! కొత్త రకం పటం తెచ్చినావనుకున్నాం. ఏటిరా ఇది, ఒక్క నిచ్చెనా నేదు! ఎంత ఆడినా కిందకే పోతన్నాం!"

"మీకేటోనమ్మా, నాను పండిపోనాను!" అంది పక్కింటి సూరమ్మ.

చూశాను. ఆవిడ చింతపిక్క మలద్వారం దగ్గర కులాసాగా కూర్చుని ఉంది.

పరీక్ష పాసయ్యాను. జీవితమంతా పాఠాలే చెప్పాను. ఇప్పుడు అత్తా లేదు, ఆ అరుగూ లేదు. ఎక్కడ పేగుల బొమ్మ చూసినా ముందు నవ్వొస్తుంది, వెనకే అత్త మీద బెంగ పుడుతుంది.

ఇల్లలకగానే పండగ కాదు, పటం చుట్టగానే పాఠం కాదు. కనుక ముక్కోటి దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: విప్పి చూడనిదే ఏ పటాన్నీ గడప దాటించను. పేగుల దారిన ఎవరినీ వైకుంఠానికి పంపను.