ఆయుధపూజకి ఊడ్చేసిన ఫోల్డరు

ఒక్క అక్షరం నొక్కి ఒక మనిషి పనంతా ఊడ్చిపారేసిన దాన్ని నేను. అదీ తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని మరీ. బడి మొహం చూడకుండా ఇంట్లోనే చదువుకున్న నాకు కంప్యూటరు కూడా ఇంట్లోనే పట్టుబడింది, దేవుడి దయ.

బరంపురంలో మాది పట్టుచీరల కొట్టు. కింద కొట్లో మా తోటికోడలు పద్మ కంప్యూటరు, పైన ఇంట్లో నాది. చీర అంచులకి తను గీసిన బొమ్మలన్నీ ఒక ఫోల్డరులో పెట్టి, నేను మెట్లు దిగకుండా చూసుకునేలా దాన్ని ఇద్దరికీ ఉమ్మడి చేసింది. మౌసుతో తెరిస్తే సరిపోయేది. నేను మాత్రం నల్ల తెర మీద కమాండు కొట్టి, నా కంప్యూటర్లో ఆ ఫోల్డరుకి జెడ్ అని పేరు తగిలించి, విమానం నడిపినంత గర్వపడేదాన్ని.

దసరా వచ్చింది. కత్తెర, గజంబద్ద తుడిచాక కంప్యూటరు వంతు. పైన దుమ్ము దులిపి కుంకుమ పెడితే చాలదనిపించింది. లోపల మాత్రం మైల ఉండొచ్చా, మీరే చెప్పండి? చూస్తే జెడ్ నిండా బొమ్మలు. పద్మవి పద్మ దగ్గరుండగా, ఇవి నా దగ్గర పేరుకున్న నకళ్లే అనుకున్నాను. తుడిచెయ్యమన్నాను. నిజంగానా అని అడిగింది తెర. దానికున్న భయం నాకు లేదు. దణ్ణం పెట్టి, అవునని వై నొక్కాను.

కాసేపటికి పద్మ పైకొచ్చింది. పొలసర నుంచి పెళ్లివారు వచ్చి కింద కూర్చున్నారట. తన పేరు మీద మొదటి ఆర్డరు.

"అక్కా, నా బొమ్మలు ఏటయిపోనాయి?"

"నాను తుడిసింది నా మిషన్లోవే పద్మా. నీవి నీకాడే ఉంటాయి."

"నీకాడ ఏటున్నాయక్కా? అది వట్టి కిటికీ. అందులోంచి సెయ్యి పెట్టి నా ఇల్లు ఊడిసేసినావు."

చెత్తబుట్ట వెతికాం. అలా తుడిచినవి అందులోనూ పడవట. పెళ్లివారు టీ తాగి ఇంకో కొట్టుకి వెళ్లిపోయారు.

ఇక నాకు తిట్లు తప్పవనుకున్నాను. ఎవరూ తిట్టలేదు. అత్తగారు, "దేవుడి పనికే కదా సేసింది, దాన్నేటీ అనకండి. ఇంకో సోట దాసుకోవద్దా పద్మా?" అన్నారు. మావారూ తలూపారు. నాకు పడాల్సిన చీవాట్లన్నీ పద్మకి పడ్డాయి. నేను తల దించుకుని నిలబడ్డాను. అదీ వినయమే అనుకున్నారు.

దేవుడు చల్లగా చూశాడు, ఇంట్లో నా పరువుకి ఏ లోటూ రాలేదు. పద్మ మాత్రం ఆ ఫోల్డరుని నాకు మూసేసింది.

కాబట్టి ఇకమీదట ఆమె బొమ్మల మీద చెయ్యి వెయ్యనని కులదేవత సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నిలబెట్టుకోవడం తేలికే. ఎప్పుడు కమాండు కొట్టినా, నీకు అనుమతి లేదని కంప్యూటరు మొహమ్మీదే చెబుతుంది. ఈ ఇంట్లో నన్ను తప్పుపట్టేది ఇప్పుడు అదొక్కటే.