నవాబును పిల్లి ఎత్తుకెళ్లిన రోజు

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెట్టగానే మా ఇంట్లోవాళ్లు లేచి వెళ్లిపోతారు. ఆవగింజను సొరకాయ చేసి చెప్పడం నా జబ్బు. మీరు సగం తీసేసి వినండి, మిగిలిందే మోయలేరు.

బోగోలుకు తూర్పున, సముద్రపొడ్డు పల్లె మాది. నేను ఐదో తరగతిలో ఉండగా బడికి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని తెలిసింది. నెల్లూరును ఏలినవాళ్లను వరసగా చెప్పలేనివాణ్ణి నాలుగులోకి తోసేస్తానన్నారు మా అయ్యవారు. నాలుగులో మా చెల్లెలుంది. దాని పక్కన కూర్చోవడం కన్నా సముద్రంలో దూకడమే నయమనిపించింది. ముందురోజు పొద్దున బస్సు రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. నా కన్నీళ్లకు సముద్రం రెండడుగులు పెరిగింది.

పక్కింటి అక్క రోజూ చేపల గంపతో నెల్లూరు బస్సెక్కేది. ఎనిమిది దాకా చదివిన మనిషి.

"ఏందిరా అబ్బయా, పడవ మునిగినట్టు ఏడస్తుండావు?"

చెప్పాను. అంతలో బస్సు వచ్చి హారను కొట్టింది. అక్క చెయ్యూపి దాన్ని పంపించేసింది. ఎండెక్కితే చేపకు విలువుండదని మా ఊళ్లో పాలుతాగే పిల్లలకూ తెలుసు. అయినా గోనెపట్ట పరిచి, ఆరు చేపలు వరసగా పేర్చింది.

"ఇదిగో, పల్లవులు. పక్కన తెలుగు చోళులు, ఊరికి విక్రమసింహపురి అని పేరు పెట్టుకున్నోళ్లు. ఆనక కాకతీయులు. విజయనగరమోళ్లు. ఈ కానాగంత ఆర్కాటు నవాబు. కడాన తెల్లగా మెరస్తుండాదే, ఈ సందువా తెల్లదొర."

"మరి నెల్లూరేదక్కా?"

"గంపరా. చేపలు మారినాయి గానీ గంప మారిందా?"

నాకు వరస నోటికొచ్చేసరికి తర్వాతి బస్సు కనబడింది. చేపలు గంపకెత్తబోతే నవాబు లేడు. పులంత పిల్లి వచ్చి ఎత్తుకుపోయిందని చెప్పాను.

"దాని నోట్లో మన్ను పడ! నవాబునే మింగిందా!" అని తిట్టుకుంటూ అక్క బస్సెక్కింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారి ముందు కళ్లు మూసుకుని, గోనెపట్టను తలుచుకుని, గడగడా చెప్పేశాను. "మరి నవాబులు ఏమైపోయారు?" అన్నారాయన. "పిల్లి ఎత్తుకుపోయిందండీ!" ఆయన నవ్వుకు మా బడి పెంకులు లేచి బిట్రగుంట రైలు పట్టాల మీద పడ్డాయి. నేను ఐదులోనే ఉండిపోయాను.

ఇప్పటికీ నెల్లూరులో జెండాలు మారినప్పుడల్లా నేను చేపల బజారుకు వెళ్లి గంపల వైపు చూసి వస్తాను. మనసు కుదుటపడుతుంది.

ఇంతకీ ఇందులో పిల్లి అబద్ధం. నవాబును జేబులో దాచి, నిప్పుల మీద కాల్చుకు తిన్నది నేనే. ఆ కానాగంత నాకింకా అరగలేదు. బస్సు మెట్టెక్కుతూ అక్క నా జేబులోంచి తొంగిచూస్తున్న తోకను చూసింది. చూసి కూడా, ఉన్న నన్ను వదిలేసి, లేని పిల్లిని తిట్టింది.